ఊరు దాటించినంత మాత్రాన తగ్గని ప్రమాదం: ఒడిశా సరిహద్దులో ఒక కేస్ స్టడీ

నేను క్లినికల్ సైకాలజిస్టును. ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల తెలుగు కుటుంబాలు, సరిహద్దుకు అవతల శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల నుంచి వచ్చేవారు నా దగ్గరకు ఎక్కువగా వస్తుంటారు. ఇక్కడ రాస్తున్న కేసులోని వ్యక్తిని గానీ, అతని వల్ల హింసకు గురైన మహిళలను గానీ ఎవరూ గుర్తుపట్టడానికి వీలు లేకుండా ఊళ్లు, వృత్తి, కుటుంబ వివరాలు మార్చాను. ఇలాంటి మరికొన్ని కేసుల్లో కనిపించిన అంశాలను కూడా ఇందులో కలిపాను. హింస జరిగిన తీరును వర్ణించలేదు, ఎందుకంటే ఈ కేసు అర్థం కావడానికి అది అవసరం లేదు.

లైంగిక హింసకు పాల్పడిన మనిషి గురించి మన ఊళ్లకు తెలిసిన ఉపాయం అతన్ని అక్కడి నుంచి పంపించేయడమే. ఊరికి ఆ పూటకు ఊరట దొరుకుతుంది. అతను వెళ్లిన చోట అతని గురించి ఏమీ తెలియని ఆడవాళ్లు ఉంటారు, ప్రమాదం వాళ్ల మీదకు మారుతుంది. హింసను ప్రజారోగ్య సమస్యగా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో వెలువరించిన నివేదికలో గట్టిగా చెప్పింది. ఆ మాటను నిజంగా అంగీకరిస్తే, గాయపడినవారికి వైద్యం చేయడంతో పాటు, గాయపరిచినవాడు రేపు ఎక్కడ ఉంటాడు, అతని దగ్గరలో ఎవరు ఉంటారు అన్న ప్రశ్న కూడా ఆరోగ్య సిబ్బందిదే అవుతుంది. ఈ కేసు నాకు ఆ ప్రశ్నను తప్పించుకోవడానికి వీలు లేని రూపంలో ముందు పెట్టింది.

వచ్చిన కారణం

అతనికి ముప్పై ఏళ్లు ఇంకా నిండలేదు, సెంట్రింగ్ పని చేస్తాడు. సరిహద్దుకు ఆంధ్ర వైపున ఉన్న ఒక ఊళ్లో, ఒంటరిగా ఉన్న ఒక మహిళ ఇంట్లోకి చొరబడ్డాడన్న ఫిర్యాదు మీద భారతీయ న్యాయ సంహితలోని 64, 62 సెక్షన్ల కింద, అంటే అత్యాచార యత్నం నేరం కింద, కేసు నమోదైంది. ఆమె కేకలు విని ఇరుగుపొరుగువారు రావడంతో పారిపోయి, మర్నాడు సరిహద్దుకు ఇవతల మేనమామ ఇంట్లో పట్టుబడ్డాడు. కొంతకాలం రిమాండులో ఉండి బెయిలు మీద బయటికి వచ్చాక, తల్లీ మేనమామా కలిసి అతన్ని నా దగ్గరకు తీసుకొచ్చారు.

వాళ్లు చికిత్స కోరి రాలేదు. "మా గుంటడు సెడ్డోడు కాడు బాబూ, మందు పడితే మతి ఉండదు. మతి బాగోలేదని కాయితం రాసిచ్చారంటే ప్లీడరుగారికి ఇచ్చుకుంటాం" అని తల్లి అడిగింది. కొడుకు జైలుకు పోతాడన్న భయం ఆ మాటలో ఉంది. ఆ భయాన్ని నేను తక్కువ చేయలేదు గానీ కాగితం మాత్రం రాయలేనని మొదటి రోజే స్పష్టంగా చెప్పాను. చట్టంలో మతిస్థిమితం లేకపోవడం అంటే, ఆ పని చేసే సమయంలో తాను ఏం చేస్తున్నాడో, అది తప్పో కాదో తెలుసుకోలేని మానసిక స్థితిలో ఉండడం. తన ఇష్టంతో తాను తాగడం ఆ కోవలోకి రాదు. అలాంటి పరీక్ష కావాలంటే కోర్టు ద్వారా కోరాలి, అది చేసేవారు వేరు. చికిత్స చేసే మనిషే సర్టిఫికెట్ ఇచ్చే మనిషి కూడా అయితే ఆ రెండు పనుల్లో ఏదీ నిజాయితీగా జరగదు. అతను ఇంకొకరికి హాని చేయకుండా ఉండడానికి పని చేయాలనుకుంటే మాత్రం రావచ్చని, అది కోర్టులో అతనికి లాభిస్తుందన్న హామీ ఏదీ ఇవ్వలేనని చెప్పాను. వాళ్లు వెళ్లిపోయారు. మూడు వారాలు గడిచాక మేనమామ ఒక్కడే వచ్చి, "మా అప్పకి కాయితం కావాలి, నాకు ఈ గొడవ మళ్లీ రాకూడదు" అన్నాడు. చికిత్స ఆ మాటతో మొదలైందని చెప్పవచ్చు.

అరెస్టు తరువాత అతన్ని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లారు. భారతీయ నాగరిక్ సురక్ష సంహితలోని 52వ సెక్షన్ ప్రకారం అత్యాచారం, అత్యాచార యత్నం కేసుల్లో నిందితుడికి వైద్య పరీక్ష జరుగుతుంది. ఒంటి మీద గాయాలు చూస్తారు, డీఎన్ఏ పరీక్షకు నమూనాలు తీస్తారు, నివేదిక దర్యాప్తు అధికారికి పంపుతారు. ఆ పరీక్ష సాక్ష్యం కోసం జరుగుతుంది, అది అవసరం కూడా. అయితే లైంగిక హింసకు పాల్పడ్డాడన్న ఆరోపణ ఉన్న మనిషి ఆరోగ్య వ్యవస్థ ఎదుటికి వచ్చే సందర్భం చాలాసార్లు అదొక్కటే. తాగుడు గురించి, ఆత్మహత్య ఆలోచనల గురించి, ఇంట్లో భార్యాపిల్లల పరిస్థితి గురించి అప్పుడు అడిగే పద్ధతి మనకు లేదు. బాధిత మహిళల వైద్య సంరక్షణకు కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బూ సిబ్బందీ కొరతగా ఉన్న చోట మొదటి రూపాయి ఆ సంరక్షణకే పోవాలని, హింస చేసినవారి మీద పెట్టే శ్రమ దానిలోంచి కోసి తీసింది కాకూడదని నా దృఢమైన అభిప్రాయం.

గడిచిన పదేళ్లు

అతని కథ కొంత అతని నోట, కొంత మేనమామ నోట, మరికొంత భార్య తరఫున పనిచేసిన కార్యకర్త ద్వారా, ఆమె అనుమతితో నాకు తెలిసింది. పందొమ్మిదేళ్ల వయసులో, సొంత ఊళ్లోనే తనకంటే రెండేళ్లు పెద్దదైన ఒక యువతిని వెంటాడి, పొలం దారిలో అటకాయించి దాడి చేశాడు. ఆమె ఇంట్లో చెప్పింది. పోలీసు స్టేషనుకు వెళితే అమ్మాయి పేరు బయటపడుతుందని పెద్దమనుషులు తగవు పెట్టి తప్పు కట్టించారు. కట్టిన సొమ్ములో కొంత ఊరి ఖర్చులకు పోయింది. ఆ యువతి చదువు ఆగిపోయింది, ఆ ఏడే దూరపు సంబంధానికి ఇచ్చి పంపేశారు. అతన్ని ఒక మేస్త్రి వెంట విశాఖపట్నం పనుల్లోకి పంపారు. ఊరి లెక్కలో అక్కడికి తగవు తీరింది.

పని చోట రెండేళ్ల తరువాత మరో ఘటన జరిగింది. ఈసారి బాధితురాలు వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కూలీ. ఆమె మేస్త్రికి చెప్పుకుంది. మేస్త్రి అతని లెక్క తేల్చి రైలెక్కించాడు. ఆమెకు ఏమైందో ఎవరూ చెప్పలేకపోయారు. ఇంటికి తిరిగొచ్చాక, పెళ్లయితే కుదురుకుంటాడని సంబంధం చూశారు. అమ్మాయిది ఆంధ్ర వైపు ఊరు. అబ్బాయి కష్టపడతాడని చెప్పారు గానీ మిగతాది ఎవరూ చెప్పలేదు. పెళ్లయిన మొదటి ఏడు నుంచీ ఆమె మీద బలవంతం సాగింది. కొడుకు పుట్టాక కూడా ఆగకపోవడంతో బిడ్డను తీసుకుని కన్నవారింటికి వెళ్లిపోయింది. ఆమె వెళ్లిపోయిన ఏడాదిలోపే ఇప్పుడు కోర్టులో ఉన్న ఘటనపై ఫిర్యాదు వచ్చింది.

పెద్దమనుషులూ మేస్త్రీ పెళ్లి పెద్దలూ అందరూ తమకు తోచిన పరిష్కారమే చేశారు. ప్రతి పరిష్కారమూ అతన్ని అతని గతం తెలియని మరో స్త్రీ దగ్గరకు చేర్చింది. అత్యాచారం రాజీకి వీలున్న నేరం కాదు, రాజీ కుదిరిందని శిక్ష తగ్గించకూడదని సుప్రీంకోర్టు 2013లో శింభు కేసులో చెప్పింది. మన ఊళ్ల తగవుల్లో మాత్రం ఆ తీర్పు ఇంకా వినపడదు. ఆరోగ్య దృష్టితో చూస్తే ఇందులో జరిగిన పెద్ద నష్టం మొదటి ఘటన దగ్గరే ఉంది. బంగ్లాదేశ్, కంబోడియా, చైనా, ఇండోనేషియా, పాపువా న్యూ గినియా, శ్రీలంక దేశాల్లో పది వేల మందికి పైగా పురుషులను ప్రశ్నించి ఐక్యరాజ్యసమితి సంస్థలు 2013లో వెలువరించిన అధ్యయనం నేను తరచూ చూసుకునేది. మన దేశం అందులో లేదు. అయినా, బలాత్కారం చేశామని ఒప్పుకున్నవారిలో చాలామంది మొదటిసారి ఇరవై ఏళ్లలోపే చేశారని, ఎక్కువమంది చెప్పిన కారణం అది తమ హక్కు అన్న భావనేనని, చాలామందికి చట్టపరంగా ఏమీ కాలేదని ఆ అధ్యయనం తేల్చిన సంగతులు ఈ కుర్రాడి పదేళ్లలో ఒక్కొక్కటిగా కనిపించాయి. పందొమ్మిదో ఏట చట్టమూ చికిత్సా రెండూ అతన్ని అందుకుని ఉంటే, తరువాతి ముగ్గురు స్త్రీల జీవితాలు వేరుగా ఉండే అవకాశం ఉండేది.

పరీక్షలో తేలినవి

తీవ్రమైన మానసిక వ్యాధి లక్షణాలు లేవు. భ్రమలు, భ్రాంతులు లేవు, బుద్ధి మాంద్యం లేదు. లైంగిక వాంఛకు సంబంధించిన రుగ్మత కూడా కనిపించలేదు. లైంగిక హింసకు పాల్పడేవారిలో ఎక్కువమంది ఇలాగే ఉంటారు, మానసిక జబ్బు ఉన్నవారంతా ప్రమాదకరమన్న అపోహ పెంచడం ఇటు రోగులకూ అటు బాధితులకూ అన్యాయం. తాగుడు అలవాటును కొలిచే పది ప్రశ్నల ఆడిట్ పరీక్షలో అతని స్కోరు హానికరమైన వాడకాన్ని సూచించింది. జైలు నుంచి వచ్చాక నిద్ర చెడింది, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనలు వచ్చేవి. అరెస్టు, విడుదల, తీర్పు సమయాల్లో నిందితుల్లో ఆత్మహత్య ప్రమాదం పెరుగుతుంది కనుక దాన్ని మొదట పట్టించుకున్నాం. మానసిక వైద్యుడు మందులు మొదలుపెట్టారు. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయించాను.

చిన్నప్పుడు తండ్రి తాగొచ్చి తల్లిని కొట్టడం రోజూ చూశాడు, తానూ దెబ్బలు తిన్నాడు. ఇది రాయకుండా ఉండలేను, అలాగని దీన్ని సాకుగా నిలబెట్టనూ లేను. అదే ఇంట్లో అవే దెబ్బలు తిన్న తమ్ముడు ఎవరి మీదా చెయ్యెత్తకుండా రైల్వే కాంట్రాక్టరు దగ్గర పనిచేసుకుంటున్నాడు.

ప్రమాదం అంచనాకు పాశ్చాత్య దేశాల్లో స్టాటిక్-99ఆర్ వంటి కొలమానాలు ఉన్నాయి. అవి కెనడా, బ్రిటన్ వంటి దేశాల్లో శిక్ష పడినవారి రికార్డుల మీద తయారైనవి. రికార్డే లేని మన మనిషికి అందులో తక్కువ స్కోరు వచ్చే ప్రమాదం ఉంది, ఎందుకంటే అతని మొదటి మూడు హింసా చరిత్రలు ఏ స్టేషన్ పుస్తకంలోనూ లేవు. అందుచేత అంకె వేయలేదు. పరిశోధనల్లో పదేపదే తేలిన అంశాలను మాత్రం మార్గదర్శకంగా తీసుకున్నాను: ఒకరికి మించిన బాధితులు, స్త్రీల పట్ల వైరం, తనను తాను అదుపు చేసుకోలేకపోవడం, సన్నిహిత సంబంధం నిలబెట్టుకోలేకపోవడం, మద్యం. ఇవన్నీ అతనిలో ఉన్నాయి. అనుకూలంగా ఉన్నవి చేతిలో పని, మేనమామ పట్ల భయంతో కూడిన గౌరవం, కొడుకు మీద ప్రేమ. ప్రమాదం ఎక్కువగానే ఉందని, తాగుడు మొదలైనా, పని చోటు మారినా మళ్లీ అంచనా వేయాలని రాసుకున్నాను.

ముందే చెప్పిన హద్దులు

విచారణ నడుస్తున్న మనిషికి చికిత్స చేయడంలో ఒక చిక్కు ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇస్తుంది, అయితే మరొకరిని హాని నుంచి కాపాడడానికి అవసరమైనంత మేరకు సమాచారం ఇవ్వడానికి అదే సెక్షన్ అనుమతిస్తుంది. కోర్టు ఆదేశిస్తే రికార్డులు ఇవ్వాల్సి వస్తుంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం నా బాధ్యత. ఈ మూడింటినీ అతని ముందు, మేనమామ సమక్షంలో తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకున్నాను. కోర్టులో ఉన్న ఘటన వివరాలు సెషన్లలో మాట్లాడబోమని కూడా అందులోనే రాశాను.

నేరం ఒప్పుకోకపోతే చికిత్స ఎలా అని మా తోటివారు కొందరు అడుగుతారు. లైంగిక నేరస్థుల మీద జరిగిన అధ్యయనాలను కలిపి పరిశోధకులు హాన్సన్, మార్టన్-బూర్గాన్ 2005లో ప్రచురించిన విస్తృత విశ్లేషణలో నిరాకరణకూ, మళ్లీ నేరం చేయడానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. బాధితుల పట్ల సానుభూతి లేకపోవడం విషయంలోనూ అంతే. ఈ రెండో సంగతి చాలామందికి మింగుడుపడదు గానీ నా అనుభవం దానికి తోడుగానే ఉంది. కన్నీళ్లు పెట్టుకుని క్షమాపణ చెప్పే మనిషిని చూస్తే మనసు కరుగుతుంది, ఆ కరగడమే అంచనాను పాడుచేస్తుంది. అతను రెండో నెలలోనే ఏడ్చాడు. ఆ ఏడుపును నేను కొట్టిపారేయలేదు, దాన్ని ప్రగతిగానూ రాసుకోలేదు.

చికిత్స

ఎవరికి ప్రమాదం ఎక్కువో వారి మీద ఎక్కువ శ్రమ పెట్టాలి, నేరానికి దారితీసే అవసరాల మీద పనిచేయాలి, ఆ మనిషి నేర్చుకోగల రీతిలో చెప్పాలి అన్నవి ఈ రంగంలో 1990 నుంచి నిలిచి ఉన్న మూడు సూత్రాలు. మూడోది ఈ సరిహద్దులో తేలిక కాదు. అతను చదివింది ఒడియా మాధ్యమంలో ఏడో తరగతి వరకు, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఇంగ్లీషు అభ్యాస పత్రాలు పనికిరావు, ఒడియాలో రాయమంటే స్టేషనులో వాంగ్మూలం ఇస్తున్నట్టు బిగుసుకుపోయేవాడు. అందుకని రాత మానేసి, వారం రోజుల సంగతులను తెలుగులో నోటితో చెప్పిస్తూ నేనే గీతలు గీసి పటంగా వేసేవాణ్ణి.

మొదటి నెలల పని తాగుడు మీదే జరిగింది. "తాగిన మైకంలో ఏం చేశానో తెలీదు బాబూ" అన్నది అతనికి మాత్రమే కాక అతని ఇంటిల్లిపాదికీ కంఠస్థమైన మాట. దాన్ని ఖండిస్తూ వాదించలేదు. భార్యతో ఉన్న కాలంలో తాగిన రోజులూ, ఆమె మీద బలవంతం చేసిన రోజులూ గుర్తున్నంతవరకు వేరువేరుగా చెప్పమన్నాను. తాగిన రోజులు దాదాపు రోజూ, బలవంతం చేసిన రోజులు వాటిలో కొన్నే. ఆ కొన్ని రోజుల్లో ముందు ఏం జరిగిందని అడుగుతూ పోతే, చాలాసార్లు ఆ రోజు ఎక్కడో ఒక అవమానం ఉంది: మేస్త్రి కూలి తగ్గించడమో, తండ్రి పదిమందిలో తిట్టడమో, భార్య ఫోనులో తన అన్నతో ఎక్కువసేపు మాట్లాడడమో. ఆ తరువాత అతనే, నేను అడగకుండానే, ఇంకో సంగతి చెప్పాడు. అలాంటి సాయంత్రాల్లో కొడుకును ముందుగా తన తల్లి ఇంట్లో దింపి వచ్చేవాడట. సీసా తెరిచింది ఆ తరువాత.

మందు నిర్ణయించలేదని, నిర్ణయం ముందే జరిగిపోయిందని, మందు దానికి ధైర్యమూ తరువాత చెప్పుకోవడానికి కారణమూ మాత్రమే ఇచ్చిందని అతను ఒప్పుకోవడానికి ఇంకా చాలా వారాలు పట్టింది. చికిత్సలో నేను ముఖ్యమైన మలుపుగా భావించేది దీన్నే. నిర్ణయం ముందే ఉన్నప్పుడు దాన్ని ముందే ఆపవచ్చు కూడా. అవమానం జరిగిన రోజున ఎవరికి ఫోను చేయాలి, కూలి చేతికొచ్చిన శనివారం ఏ దారిన ఇంటికి రావాలి, ఏ ఇంటి వైపు వెళ్లకూడదు, ఒంటరి స్త్రీ ఉన్న చోట పని దొరికితే ఏం చేయాలి అన్నవి ఒక్కొక్కటిగా ఖరారు చేశాం.

హక్కు భావన మీద పని ఇంతకంటే కష్టం. భార్య ఒప్పుకోకపోతే బలవంతం చేయడం తప్పని అతనికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, చట్టంలోని మినహాయింపు కూడా అతని వైపే ఉంది. భారతీయ న్యాయ సంహితలోని 63వ సెక్షన్ పద్దెనిమిదేళ్లు నిండిన భార్య విషయంలో దాన్ని అత్యాచారంగా లెక్కించదు. "పెళ్లాం మీద కేసేటండి" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. చట్టం ఏమన్నా, ఆమె ఒంటికీ మనసుకూ జరిగింది గాయమేనని, 2005 గృహహింస చట్టం భార్య మీద లైంగిక హింసను కూడా హింసగానే గుర్తిస్తుందని చెప్పాను. ఉపన్యాసాలు పనిచేయవు. తన చెల్లెలికి అత్తవారింట్లో అదే జరిగితే ఏమంటావని అడిగితే ఆవేశపడ్డాడు గానీ, ఆ ఆవేశం కూడా చెల్లెలు తమ సొత్తు అన్న భావన నుంచే వచ్చింది కనుక ఆ దారిని వదిలేశాను. ఇప్పుడు పనిచేస్తున్న దారి చిన్నది: ఎదుటి మనిషి వద్దన్నప్పుడు తనలో లేచే కోపాన్ని గుర్తుపట్టి, ఆ వద్దును విని పక్కకు తప్పుకోవడం. ముందు పనిచోట, టీ కొట్టు దగ్గర, మగవాళ్లతో జరిగే చిన్న తగాదాల్లో దాన్ని సాధన చేయిస్తున్నాను.

భార్య వైపు

నేను ఆమెను కలవలేదు, కలవకూడదు కూడా. హింస చేసినవాడికి చికిత్స చేసే మనిషి బాధితురాలితో మాట్లాడితే, తెలియకుండానే ఆమె మీద సర్దుకుపొమ్మన్న ఒత్తిడి పడుతుంది. అతను బాగుపడుతున్నాడన్న ఒక్క మాట నా నోటి నుంచి వెళ్లినా అది ఆమెను తిరిగి ఆ ఇంటికి చేర్చవచ్చు. తల్లి ఒకటికి రెండుసార్లు, ఇద్దరినీ కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పమని అడిగింది. దంపతుల కౌన్సెలింగ్ ఇలాంటి కేసుల్లో చేయకూడదని చెప్పి తిరస్కరించాను. ఫిర్యాదు చేసిన మహిళ ఇంటికి పండుగ నాడు చీర తీసుకెళ్లి క్షమాపణ అడుగుతామన్న ఆలోచన కూడా వచ్చింది. బెయిలు షరతులు నిందితుణ్ణీ బాధితురాలినీ ఎదురుపడేలా చేయకూడదని, రాజీకి పురికొల్పకూడదని సుప్రీంకోర్టు 2021లో అపర్ణా భట్ కేసులో చెప్పిన సంగతి వివరించి, ఆ ప్రయత్నం బెయిలుకే ముప్పని చెప్పాక ఆగారు.

భార్యతో మాట్లాడే పని శ్రీకాకుళం జిల్లాలో మహిళల కోసం పనిచేసే ఒక కార్యకర్త చేశారు. హింసకు గురైన మహిళలకు వైద్య, న్యాయ సాయం ఒకే చోట అందించే సఖి కేంద్రం సాయంతో గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోసం దరఖాస్తు పడింది. అతను సరిహద్దు దాటి ఆమె ఊరి వైపు వస్తున్నాడని నాకు తెలిస్తే ఆ కార్యకర్తకు చెబుతానని అతనికి ముందే చెప్పాను, అది అతను సంతకం చేసిన కాగితంలో ఉంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం, లైంగిక హింస ఎదుర్కొన్న వివాహిత స్త్రీలలో 82 శాతం మంది దానికి కారకుడు ప్రస్తుత భర్తేనని చెప్పారు. శారీరక లేదా లైంగిక హింస అనుభవించిన స్త్రీలలో సాయం కోరినవారు 14 శాతమే. అందుకని "అతని మీద కొత్త ఫిర్యాదు లేదు" అన్న వాక్యాన్ని చికిత్స ఫలించిందనడానికి రుజువుగా నేను ఎక్కడా రాయను. చుట్టూ ఉన్న స్త్రీల నోటి నుంచి, వాళ్లకు ప్రమాదం లేని మార్గంలో, వచ్చిన సమాచారమే లెక్క.

సరిహద్దు చేసే పని

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. ఆ గీత ఇప్పటికీ మా పని మధ్యగా పోతుంది. నౌపడా నుంచి గుణుపూర్ వెళ్లే రైలు పాతపట్నంలో ఆంధ్రలో ఉండి, పక్క స్టేషను పర్లాకిమిడి చేరేసరికి ఒడిశాలో ఉంటుంది. సంబంధాలూ సంతలూ పనులూ ఆ గీతను పట్టించుకోవు. పోలీసు, కోర్టు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, సఖి కేంద్రం, ఆశా కార్యకర్తల జాబితాలు మాత్రం దాని దగ్గర ఆగిపోతాయి. ఏ స్టేషను పరిధిలో జరిగిందన్నదానితో పని లేకుండా ఫిర్యాదు తీసుకోవాలని ఇప్పుడు చట్టం చెబుతున్నా, ఆ తరువాతి సంరక్షణకు అలాంటి ఏర్పాటు లేదు. టీబీ మందులు వాడుతున్న మనిషి పాతపట్నం నుంచి పర్లాకిమిడికి మారితే అతని చికిత్స వివరాలు నిక్షయ్ పోర్టల్ ద్వారా అతని వెంట వస్తాయి. తాగుడుకూ హింసకూ చికిత్స పొందుతున్న మనిషి మారితే వెంట వచ్చేది అతని చొక్కా జేబులోని మందుల చీటీ ఒక్కటే. 2018లో మొదలైన లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ శిక్ష పడినవారి కోసం, పోలీసుల వాడుక కోసం ఉన్నది. పదేళ్లలో ఒక్కసారీ శిక్ష పడని ఈ మనిషి అందులో ఉండడు. అతని పేరు ఊరంతా చాటించాలని నేను కోరడం లేదు. అలా చేస్తే అతను చికిత్సకు రావడం మానేసి కనపడకుండా పోతాడు, అప్పుడు చుట్టూ ఉన్నవారికి ప్రమాదం మరింత పెరుగుతుంది.

ఈ సంగతి ఐదో నెలలో పరీక్షకు వచ్చింది. మంచి కూలి ఇస్తామని ఒక మేస్త్రి అతన్ని చెన్నై పిలిచాడు. తల్లికి సంతోషమైంది, ఊళ్లో తలెత్తుకోలేకపోతున్న కుటుంబానికి అది గట్టెక్కే దారిగా కనిపించింది. పదేళ్ల కిందట విశాఖపట్నం పంపినప్పుడు ఏం జరిగిందో మేనమామే గుర్తుచేశాడు. బెయిలు షరతుల ప్రకారం కోర్టు అనుమతి లేకుండా వెళ్లడానికి లేదు. కోర్టు ఒప్పుకున్నా, ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి ఉండే కూలీల షెడ్డులో, తనను ఆపే మనిషి లేని చోట అతను ఉండడం సురక్షితం కాదని నా అభిప్రాయం చెప్పాను. పని మానుకుని ఇంట్లో కూర్చోవడం కూడా ప్రమాదమే, చేతిలో పని ఉండడం అతన్ని నిలబెట్టే కొద్దిపాటి ఆధారాల్లో ఒకటి. చివరికి మేనమామ తనకు తెలిసిన మేస్త్రి దగ్గర, రోజూ సాయంత్రానికి ఇల్లు చేరగలిగే దూరంలో పని చూశాడు. కూలి తక్కువ. ఆ తేడాలో కొంత మేనమామే భరిస్తున్నాడు.

కెనడాలోని హామిల్టన్‌లో 1994లో, జైలు నుంచి విడుదలైన లైంగిక నేరస్థుడి చుట్టూ కొందరు సాధారణ పౌరులు ఒక వలయంగా నిలిచి, అతనికి తోడుగానూ అతని మీద కన్నేసి ఉంచడానికీ ఏర్పాటు చేసుకున్నారు. ఆ పద్ధతి తరువాత ఇతర దేశాలకు పాకింది. మనకు అలాంటి సంస్థ లేదు గానీ మేనమామ అనే బంధుత్వం ఉంది, మేస్త్రి ఉన్నాడు. ఈ కుర్రాడి అనుమతితో ఆ ఇద్దరికీ ప్రమాద సూచనలు ఏమిటో నేర్పాను: సాయంత్రం పని దిగాక ఎటు వెళ్లాడో చెప్పకపోవడం, వాయిదా దగ్గరపడే కొద్దీ తాగుడు పెరగడం, ఫోను దాచుకోవడం, ఫలానా ఆమె తన వైపు చూసిందని పదే పదే చెప్పడం. కుటుంబ సభ్యులు కాపలాదారులుగా మారితే సాకులు చెప్పడం కూడా వాళ్లే నేర్చుకునే ప్రమాదం ఉంది. అందుకే మేనమామతో నెలకొకసారి విడిగా మాట్లాడుతున్నాను.

ఇప్పటి స్థితి

చార్జిషీటు పడింది, సాక్షుల విచారణ మొదలు కావాల్సి ఉంది. తాగుడు బాగా తగ్గింది, అయితే ఠాకురాణి జాతర రోజుల్లో తిరిగి మొదలుపెట్టి వారం పాటు కనపడలేదు. ఆ వారంలో మేనమామ నాకూ, నేను భార్య తరఫు కార్యకర్తకూ ఫోను చేశాం. ఆమె తన అన్న ఇంటికి మారింది. అతను ఆమె ఊరి వైపు వెళ్లలేదని తరువాత తేలింది. ఆత్మహత్య ఆలోచనలు ఇప్పుడు లేవు, వాయిదా తేదీలకు ముందు రోజు తప్పనిసరిగా మాట్లాడుతున్నాం. రాత్రిపూట అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయడం సాధన చేయించాను. ప్రమాదం మొదట్లో కంటే తక్కువ, మామూలు స్థాయి కంటే ఇంకా ఎక్కువ అన్నది నా ప్రస్తుత అంచనా.

శిక్ష పడితే అతను వెళ్లే జైల్లో ఈ పని ఎవరు కొనసాగిస్తారో నిర్ణయం కాలేదు. చికిత్స సారాంశం జైలు వైద్యాధికారికి పంపడానికి అతని సమ్మతి తీసుకుని ఉంచాను. నిర్దోషిగా బయటపడితే అతన్ని నా దగ్గరకు రమ్మనే అధికారం ఎవరికీ ఉండదు, అప్పుడు మేనమామ మాటా అతని ఇష్టమూ మాత్రమే మిగులుతాయి. రెండు సందర్భాలకూ విడివిడిగా ప్రణాళిక రాసి, ఒక ప్రతి మేనమామకు ఇచ్చాను. రెండు జిల్లాల మానసిక ఆరోగ్య కార్యక్రమాల అధికారులకు ఒక విజ్ఞప్తి పంపాను. సరిహద్దు దాటే ఇలాంటి వ్యక్తుల కోసం, వారి సమ్మతితో, ఒకే పేజీ బదిలీ పత్రం ఉండాలని అందులో కోరాను. వాడుతున్న మందులు, ప్రమాద సూచనలు, బాధ్యత తీసుకున్న బంధువు, ఏ పరిస్థితిలో ఎవరికి తెలియజేయాలి అన్న నాలుగు గడులు చాలు. బాధిత స్త్రీల పేర్లు గానీ ఊళ్లు గానీ ఆ పత్రంలో ఎక్కడా రాయకూడదని కూడా అందులోనే స్పష్టం చేశాను.